సోమవారం పొద్దున మొరాయించని లినక్స్ ఏది?

కూకట్‌పల్లి_కుమార్
ఇంట్లో ఉన్నది ఒకే లాప్‌టాప్. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది. 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదంటూ ఒప్పుకోదు. మెషీన్ మాత్రం శుభ్రంగా నడుస్తోంది, పారేయబుద్ధి కావడం లేదు. అందుకే లినక్స్ ఆలోచన.

నా పని పీహెచ్‌పీ, పైథాన్ బ్యాకెండ్. వారంలో సగం ఇంటి నుంచే. క్లయింట్ కాల్స్‌లో స్క్రీన్ షేర్ చేయాలి, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటి నుంచి వెళ్లడానికి వీపీఎన్ ఉండాలి. సాయంత్రం నాన్నగారు ఇదే లాప్‌టాప్‌లో తెలుగు టైప్ చేస్తారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసులు అవీ. పాత లేజర్ ప్రింటర్ ఒకటి ఉంది.

ఆఫీసులో అడిగితే తలా ఒక డిస్ట్రో, అంటే లినక్స్ రకం, పేరు చెప్పి, పక్కవాడు చెప్పింది మాత్రం వద్దన్నారు. నాకు అందం అక్కర్లేదు, కొత్త ఫీచర్లు అక్కర్లేదు. సోమవారం తొమ్మిదిన్నర స్టాండప్‌కి మూత తెరిస్తే పని మొదలవ్వాలి, అంతే. ఏది వేయమంటారు?

మింట్‌పచ్చడి
మింట్. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

పాతకాపు64
డెబియన్. మూసింది మళ్లీ తెరవండి.

రోలింగ్_రాజా
ఆర్చ్ వాడతానని చెప్పడానికి వచ్చాను.

నైట్‌షిఫ్ట్_నాగు
ఎవరూ అడగకుండానే చెప్పావు చూడు, ఇన్‌స్టాలేషన్ సక్సెస్ అయినట్టే.

పాతకాపు64
కుమార్, కాస్త వివరంగా చెప్తాను. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. అందులో పైథాన్ 3.13, పీహెచ్‌పీ 8.4, పోస్ట్‌గ్రెస్ 17. ఆ విడుదల బతికున్నన్నాళ్లూ అవే అంకెలు. సెక్యూరిటీ లోపాలు పూడుస్తారు, పెద్ద తప్పులుంటే దిద్దుతారు. అంతేగానీ 3.13ని రాత్రికి రాత్రి 3.14 చేయరు. మూడేళ్లు పూర్తి సపోర్టు, ఆ పైన రెండేళ్లు ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాల సపోర్టు బృందం చూసుకుంటుంది. శుక్రవారం వదిలేసిన ప్రాజెక్టు సోమవారం అలాగే లేస్తుంది, ఎందుకంటే కింద ఏదీ కదల్లేదు.

ఒకప్పుడు డెబియన్‌తో అసలు చిక్కు వైఫై. ఫర్మ్‌వేర్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాదని ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు, వేరే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాల్సి వచ్చేది. 2022లో ఓటింగ్ పెట్టుకుని ఆ పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. డెబియన్ కష్టం అనేవాళ్లలో చాలామంది చెప్పేది అప్పటి సంగతి.

మింట్‌పచ్చడి
పాతకాపు గారు చెప్పింది నిజమే. కానీ ఇదంతా వాళ్ల నాన్నగారికి ఎవరు చెప్తారు? మింట్ 22 అంటే లోపల ఉబుంటు 24.04, అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. మెనూ బటన్ కింద ఎడమ మూలన ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. డ్రైవర్ మేనేజర్ ఉంది. టైమ్‌షిఫ్ట్ ఉంది, అప్‌డేట్ తేడా కొడితే నిన్నటి స్నాప్‌షాట్‌కి వెళ్లిపోవచ్చు. మింట్‌లోని సిన్నమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్11 అనే పాత డిస్‌ప్లే పద్ధతి మీదే నడుస్తుంది కాబట్టి స్క్రీన్ షేర్‌తో టెన్షన్ లేదు.

సర్వర్‌రూమ్_సత్తి
టైమ్‌షిఫ్ట్ గురించి ఒక్క మాట. మీరు ప్రత్యేకంగా చెప్తే తప్ప అది హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. సిస్టమ్ వెనక్కి వస్తుంది, మీ ఫైళ్లు రావు. అదే బ్యాకప్ అనుకుని పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నవాడు మా టీమ్‌లో ఉన్నాడు.

అమీర్‌పేట_అబ్బాయి
ఎవరి పెళ్లి?

సర్వర్‌రూమ్_సత్తి
వాడిదే. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రోలింగ్_రాజా
నవ్వుకోండి గానీ నా వాదన కూడా వినండి. నాది రోలింగ్ రకం, అంటే వారానికి కొన్ని ప్యాకేజీలు మారతాయి. ఏదైనా చెడితే ఏది చెడగొట్టిందో ఇట్టే తెలుస్తుంది. మీకు రెండేళ్లకోసారి మొత్తం సిస్టమ్ ఒకేసారి మారుతుంది, అప్పుడు ఎవరిని పట్టుకుంటారు? ఎల్‌టీఎస్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ లాంటి భాగం) వేసుకుని, అప్‌డేట్ కొట్టేముందు ఆర్చ్ న్యూస్ పేజీ ఒకసారి చూసుకుంటే ఏ గొడవా ఉండదు.

పాతకాపు64
ఆ న్యూస్ పేజీ చూడాల్సి రావడమే గొడవ తమ్ముడూ. 2022 ఆగస్టులో గ్రబ్‌కి, అంటే ఓఎస్‌ని బూట్ చేయించే ప్రోగ్రామ్‌కి, అప్‌డేట్ వచ్చి ఎంతమంది మెషీన్లు బూట్ కాకుండా పోయాయో గుర్తుందా? ఆర్చ్, దాని మీద కట్టిన ఎండెవర్ వాళ్లూ లైవ్ యూఎస్‌బీలు పట్టుకుని కూర్చున్నారు. 2024లో ఎక్స్‌జెడ్ సంగతి సరే సరి.

అమీర్‌పేట_అబ్బాయి
ఎక్స్‌జెడ్ అంటే ఏంటి అన్నా? మా ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పలేదు.

సర్వర్‌రూమ్_సత్తి
చెప్పరు, సిలబస్ 2015 దగ్గర ఆగింది.

ఎక్స్‌జెడ్ అనేది కంప్రెషన్ లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాని నిర్వహణలో రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసిన ఒక ఖాతాదారుడు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్‌లోకి దూరే దారి అది. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ పట్టుకున్నాడు. ఎలాగంటే, తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వాడు. మనమైతే నెట్ స్లో అని రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసేవాళ్లం.

ఇక్కడ సంబంధం ఏంటంటే, ఆ వెర్షన్లు కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే చోట్లకి, డెబియన్ టెస్టింగ్ దాకా, ఫెడోరా రాహైడ్ దాకా, టంబుల్‌వీడ్, ఆర్చ్ దాకా వచ్చేశాయి. డెబియన్ స్టేబుల్‌కి రాలేదు. పాత వెర్షన్ మీద కూర్చున్నవాళ్లు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

రోలింగ్_రాజా
సత్తి అన్నా, సగమే చెప్పావు. ఆర్చ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని ఆ లైబ్రరీకి కలపరు, కాబట్టి ఆ దారిన మా దగ్గరికి రాలేడు. ఆ అతుకు వేసుకున్నది డెబియన్, ఫెడోరా వాళ్లే, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కోసం.

పాతకాపు64
అది ఒప్పుకుంటాను. ఈ ఒక్కటే.

కూకట్‌పల్లి_కుమార్
అయ్యా, కథ బాగుంది గానీ నేను బ్యాంకు నడపడం లేదు. వీపీఎన్, స్క్రీన్ షేర్, తెలుగు, ప్రింటర్. ఈ నాలుగింటికి ఏది?

ఫెడోరా_ఫణి
నిజం చెప్పాలంటే నేను ఫెడోరానే వాడతాను, కానీ మీకు చెప్పను. ఆరు నెలలకోసారి కొత్త విడుదల, ఒక్కోదానికి 13 నెలలే సపోర్టు. అంటే ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. వీడియో కోడెక్‌ల కోసం ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ విడిగా కలుపుకోవాలి. మొన్ననే వచ్చిన లాప్‌టాప్ కొన్నవాళ్లకు కొత్త కెర్నల్ కావాలి, వాళ్లకు ఫెడోరా బాగుంటుంది. మీ ఏడో తరానికి ఆ అవసరమే లేదు, దాని హార్డ్‌వేర్ ఏనాడో కెర్నల్‌లో కుదురుకుంది.

మింట్‌పచ్చడి
తన డిస్ట్రో వద్దన్న మనిషిని లినక్స్ వాళ్లలో మొదటిసారి చూస్తున్నా. ఫణి గారికి దండ వేయాలి.

నైట్‌షిఫ్ట్_నాగు
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. కుమార్, ఆ వీపీఎన్ మీ కంపెనీదా, క్లయింట్‌దా? ఏ రకం?

ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్ అయితే ఏ డిస్ట్రో అయినా ఒకటే. కానీ క్లయింట్ ఐటీ వాళ్లిచ్చే సొంత ప్రోగ్రామ్ అయితే ముందు అది చూడాలి. మాదాపూర్‌లో నేను చేసిన ఒక చోట వీపీఎన్ ప్రోగ్రామ్ డెబ్ ఫైల్‌గా (డెబియన్, ఉబుంటుల ఇన్‌స్టాల్ ఫైల్) ఇచ్చేవాళ్లు, ఉబుంటు ఎల్‌టీఎస్‌కి మాత్రమే. లోపల యాంటీవైరస్ ఉందా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిందా, ఓఎస్ పేరేంటి అని చెక్ చేసేది. ఓఎస్ పేరు దాని జాబితాలో లేకపోతే కనెక్ట్ కానిచ్చేది కాదు. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే "మీది ఉబుంటూనా?" అని అడిగి, కాదంటే పెట్టేసేవాళ్లు. ఇక్కడ మనం ఎంత వాదించుకున్నా, మీ డిస్ట్రోని తేల్చేది ఆ హెల్ప్‌డెస్క్ కుర్రాడే.

సర్వర్‌రూమ్_సత్తి
నాగు చెప్పిందే మొదట చూడాల్సింది. మిగతాదంతా రుచుల గొడవ.

కూకట్‌పల్లి_కుమార్
క్లయింట్‌దే. వాళ్లు ఇచ్చిన పేపర్‌లో ఉబుంటు 22.04, 24.04 అని రాసి ఉంది. ఓఎస్ చెక్ చేస్తుందో లేదో తెలీదు, అడుగుతాను.

నైట్‌షిఫ్ట్_నాగు
అయితే ఉబుంటు 24.04 లేదా మింట్ 22. డెబియన్ పక్కన పెట్టండి. ఓఎస్ చెక్ ఉందంటే మింట్ కూడా పక్కనే.

పాతకాపు64
బాధగా ఉంది కానీ కాదనలేను. 24.04 డెబ్ ఫైల్‌ని డెబియన్‌లో వేసినా చాలాసార్లు నడుస్తుంది, కానీ నడవని రోజు ఎవరినీ అడగలేం. ఉబుంటు పీపీఏలను, అంటే బయటి ప్యాకేజీ మూలాలను, డెబియన్‌లో కలపడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

మింట్‌పచ్చడి
ఉబుంటు కంటే మింటే నయం అని ఎందుకంటానంటే, ఉబుంటులో ఫైర్‌ఫాక్స్‌ని మామూలు ఇన్‌స్టాల్ కమాండ్ ఆప్ట్‌తో అడిగినా స్నాప్, అంటే తనకు కావాల్సినవన్నీ ఒకే మూటగా తెచ్చుకునే రకం, ఇస్తుంది. మింట్ స్నాప్‌ని రానివ్వదు, మామూలు ప్యాకేజీ ఇస్తుంది. పాత మెషీన్‌లో బ్రౌజర్ మొదటిసారి తెరుచుకునేటప్పుడు ఆ తేడా కనిపిస్తుంది.

సర్వర్‌రూమ్_సత్తి
ఉబుంటు పక్షాన ఒక మాట. సొంతానికి వాడుకునేవాళ్లకు ఉబుంటు ప్రో 5 మెషీన్ల దాకా ఉచితం, అది పెట్టుకుంటే ఐదేళ్ల సపోర్టు పదేళ్లవుతుంది. అయినా సపోర్టు తేదీలను గుడ్డిగా నమ్మడం మానేశాను. సర్వర్లకు వాడే సెంటోస్ 8 లినక్స్‌కి 2029 దాకా అన్నారు. 2020 డిసెంబర్‌లో మాట మార్చి 2021 చివరికే ముగించారు. అప్పుడు మా సర్వర్లన్నీ ఆల్మా అనే ఇంకో లినక్స్‌కి మార్చే పని నా నెత్తిన పడింది. మార్పిడి స్క్రిప్ట్ బాగానే పనిచేసింది, మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పడానికే ఎక్కువ టైమ్ పట్టింది. డెబియన్ మీద నాకు గౌరవం అందుకే. దాని వెనక ఒక కంపెనీ లేదు, మనసు మార్చుకోవడానికి.

లక్ష్మి_డీటీపీ
చిక్కడపల్లిలో మాకు డీటీపీ షాపు ఉంది. నాన్నగారి తెలుగు సంగతి ఎవరూ ఎత్తకపోతే నేను చెప్తాను. ఆయన ఏ కీబోర్డు వాడతారు? ఇన్‌స్క్రిప్టా, యాపిలా, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడమా? లినక్స్‌లో కీబోర్డు మార్చే ఐబస్‌తో పాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ మూడూ వస్తాయి. నోటో, లోహిత్ ఫాంట్లు చదవడానికి సరిపోతాయి. నోటీసుకి నిండుగా కనిపించాలంటే రామభద్ర, మండలి, సురన్న లాంటివి దించుకోండి, అవన్నీ ఉచితమే, యూనికోడే. ఒత్తులు విరిగిపోతాయన్న భయం వద్దు, లిబ్రే ఆఫీస్‌లో బాగా వస్తాయి. చాలా టెర్మినళ్లలో మాత్రం తెలుగు ఫైల్ పేర్లు చెదిరి కనిపిస్తాయి. ఫైల్‌కి ఏం కాదు, చూపించడంలోనే లోపం.

ఆయన దగ్గర పాత అను ఫాంట్ల ఫైళ్లు ఉంటే అది వేరే సమస్య. అవి యూనికోడ్ కావు. కన్వర్టర్‌తో మార్చుకున్నా ఒకసారి కళ్లతో చదువుకోవాలి. మా షాపులో పేజ్‌మేకర్ కోసం ఇప్పటికీ ఒక విండోస్ మెషీన్ ఉంచాం, దానికి నెట్ ఇవ్వం. పత్రికల వాళ్లు, పెళ్లి కార్డుల వాళ్లు ఆ ఫైళ్లే అడుగుతారు.

కూకట్‌పల్లి_కుమార్
థాంక్స్ లక్ష్మి గారూ. నాన్నగారిది ఇన్‌స్క్రిప్ట్. అను ఫైళ్లు లేవు.

జీఎస్టీ_గిరి
ఎవరైనా ఈ థ్రెడ్ చదివి అకౌంట్స్ ఆఫీసులో లినక్స్ వేసేద్దామనుకుంటే ఆగండి. ట్యాలీ విండోస్‌కే. వర్చువల్ మెషీన్‌లో పెట్టుకోవచ్చు, 8 జీబీ ర్యామ్‌తో మాత్రం పని నత్తనడకే. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్టీ రిటర్న్‌కి డిజిటల్ సంతకం టోకెన్ వాడాల్సిందే, ఆ టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. సొంత వ్యాపారం వాళ్లయితే ఫోన్‌కి వచ్చే ఓటీపీతో ఈవీసీ కొట్టేయొచ్చు, బ్రౌజర్ చాలు. రిటర్న్ గడువు ఇరవయ్యో తారీఖు సాయంత్రం మాత్రం ఏ ఓఎస్ అయినా ఒకటే, పోర్టల్ తెరుచుకోవాలి కదా.

అమీర్‌పేట_అబ్బాయి
మధ్యలో నా డౌట్ ఒకటి. ఉబుంటు 24.04లో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో ఏది ఇన్‌స్టాల్ చేసినా ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అని ఎర్రగా వస్తోంది. యూట్యూబ్‌లో బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టమంటున్నారు. పెట్టనా?

పాతకాపు64
ఆ ఆప్షన్ పేరులోనే ఏం జరుగుతుందో రాసి ఉంది బాబూ. సిస్టమ్‌లో ఉన్న పైథాన్ మీద ఓఎస్ సొంత పనిముట్లు ఆధారపడతాయి. డెబియన్ 12 నుంచి, ఉబుంటులో 24.04కి ముందు నుంచే దాన్ని పిప్ ముట్టుకోకుండా కాపలా పెట్టారు. ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని ప్యాకేజీలు విడిగా ఉండే ఫోల్డర్, చేసుకో. కమాండ్ లైన్ పనిముట్లయితే పిప్ఎక్స్. కుమార్, ఇది నీకు కూడా. ఓఎస్‌ని పాతగా ఉంచి, ప్రాజెక్టుకి కావాల్సిన కొత్త వెర్షన్లన్నీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోనో కంటైనర్‌లోనో పెట్టుకుంటే నీకు రోలింగ్ అవసరమే రాదు.

రోలింగ్_రాజా
అంటే ఓఎస్‌లో ఉన్నవేవీ వాడకూడదని ఓఎస్ ఎంచుకోవాలన్నమాట.

పాతకాపు64
సరిగ్గా అదే.

సర్వర్‌రూమ్_సత్తి
ఇన్‌స్టాల్ చేసేముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా ఒక గంట నడపండి. వైఫై, సౌండ్ అందరూ చూస్తారు. చూడనివి చెప్తాను. మూత మూసి పది నిమిషాలాగి తెరవండి, లేస్తుందా? బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ చేసి ఎవరికైనా కాల్ చేయండి, అవతలివాళ్లకు మన గొంతు వినిపిస్తోందా? హెచ్‌డీఎంఐ పెట్టి రెండో స్క్రీన్ మీద షేర్ చేయండి. టీమ్స్‌కి లినక్స్ ప్రోగ్రామ్ 2022 చివర్లోనే తీసేశారు, బ్రౌజర్‌లోనే వాడుకోవాలి. కాబట్టి టెస్ట్ కూడా బ్రౌజర్‌లోనే చేయండి.

నైట్‌షిఫ్ట్_నాగు
విండోస్ ఉంచుకుని పక్కన వేస్తున్నారా, మొత్తం తుడిచేస్తున్నారా?

కూకట్‌పల్లి_కుమార్
కొన్నాళ్లు రెండూ ఉంచుదామని.

నైట్‌షిఫ్ట్_నాగు
అయితే విండోస్ డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, అదే లాప్‌టాప్‌లో సేవ్ చేయడం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే ఆ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. ఇంకోటి, లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. బయోస్ బ్యాటరీ పోయిందని షాపుకి తీసుకెళ్లకండి. లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీలో పెడుతుంది, విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది. లినక్స్‌ వైపు లోకల్ టైమ్‌కి మార్చితే సరి.

రోలింగ్_రాజా
2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ వచ్చి డ్యూయల్ బూట్ లినక్స్‌లను బూట్ కానివ్వలేదు, అది కూడా చెప్పండి. రోలింగ్ వాళ్లే చెడగొడతారని రూల్ ఏం లేదు.

మింట్‌పచ్చడి
రాజా ఈ రోజు రెండు పాయింట్లు కొట్టాడు, ఎవరైనా రాసుకోండి.

ఎన్విడియా కార్డు ఉందా కుమార్? ఉంటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. అక్కడ కంటిన్యూ నొక్కొద్దు, ఎన్‌రోల్ మోక్ అన్నది ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ స్క్రీన్ కాసేపే ఆగుతుంది. టీ తెచ్చుకునేలోపు వెళ్లిపోతుంది, ఆ తర్వాత డ్రైవర్ ఎక్కలేదని మళ్లీ ఇక్కడికే వస్తారు.

కూకట్‌పల్లి_కుమార్
లేదు, ఇంటెల్ గ్రాఫిక్సే.

ఫెడోరా_ఫణి
అదృష్టవంతులు.

నైట్‌షిఫ్ట్_నాగు
డెస్క్‌టాప్ వాళ్లకు ఒక మనవి. మే నెలలో సాయంత్రం ఆకాశం నల్లబడితే అప్‌డేట్ కొట్టకండి. మా తమ్ముడి డెస్క్‌టాప్‌లో కెర్నల్ ఎక్కుతుండగా గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ లేదు. సగం ప్యాకేజీలు ఇటు, సగం అటు. రికవరీ మోడ్‌లోకి వెళ్లి డీపీకేజీ అనే ప్యాకేజీల పనిముట్టుతో మిగిలిన వాటిని కన్ఫిగర్ చేయిస్తే లేచింది. పాత కెర్నల్ గ్రబ్ మెనూలో ఉండబట్టి సరిపోయింది, అందుకే పాతది ఒకటైనా ఉంచండి.

లక్ష్మి_డీటీపీ
ప్రింటర్ మోడల్ చెప్పలేదు కుమార్ గారూ. డ్రైవర్ లేకుండా నెట్‌వర్క్‌లో ప్రింట్ ఇచ్చే కొత్త రకమైతే లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్ దానంతటదే పట్టేస్తుంది. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అని రాసి ఉన్నా దిగుల్లేదు. కాప్ట్ (కేనన్ సొంత పద్ధతి) రకమైతే కంపెనీ డ్రైవర్ విడిగా వేసుకోవాలి, అది ఓపిక ఉన్నవాళ్ల పని. హెచ్‌పీ చిన్న లేజర్లలో కొన్నింటికి హెచ్‌ప్లిప్ అనే హెచ్‌పీ డ్రైవర్‌తో పాటు ప్లగిన్ కావాలి, రెండింటి వెర్షన్ ఒకటే ఉండాలి. హెచ్‌ప్లిప్ మారినప్పుడల్లా ప్లగిన్ మళ్లీ దించుకోవాలి. నేను మెషీన్లన్నింటినీ ఎల్‌టీఎస్ మీదే ఉంచడానికి కారణం అదే. కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా ప్లగిన్ దించుకోలేం.

కూకట్‌పల్లి_కుమార్
అప్‌డేట్. క్లయింట్ ఐటీ వాళ్లు జవాబిచ్చారు. ఓఎస్ చెక్ లేదు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ మాత్రం ఉండాలన్నారు. మింట్ 22 లైవ్‌లో నడిపాను. మూత, హెడ్‌సెట్, స్క్రీన్ షేర్ అన్నీ సరే. వీపీఎన్ కూడా లైవ్‌లోనే వేసి చూశాను, కనెక్ట్ అయింది. ప్రింటర్ కాప్ట్ రకమే, ఎక్కలేదు. ఈ శనివారం మింట్ వేస్తున్నాను.

మింట్‌పచ్చడి
మొదటి జవాబులోనే చెప్పా.

పాతకాపు64
లోపల ఉబుంటు, దాని లోపల మా డెబియనే.

సర్వర్‌రూమ్_సత్తి
ఎన్‌క్రిప్షన్ కావాలంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత పెట్టడం పెద్ద తతంగం. మింట్ ఇన్‌స్టాలర్‌లో డిస్క్ మొత్తం తుడిచే దారిలోనే అది సులువుగా వస్తుంది. విండోస్ పక్కన పెట్టుకుని ఎన్‌క్రిప్ట్ చేయాలంటే పార్టిషన్లు చేత్తో చేసుకోవాలి. నా మాట వింటే ఫైళ్లు బయటి డిస్క్‌కి ఎత్తి, ఒకసారి తెరిచి చూసుకుని, విండోస్ తుడిచేయండి.

కూకట్‌పల్లి_కుమార్
సరే అన్నా, తుడిచేస్తాను. ప్రింటర్ సంగతి తర్వాత చూద్దాం. లక్ష్మి గారూ, లైవ్‌లో నాన్నగారిని కూర్చోబెట్టాను. ఇన్‌స్క్రిప్ట్ దొరికింది, అన్నీ కొట్టారు గానీ అధ్యక్షుడు అని రాయడానికి క్ష దగ్గర ఆగిపోయారు. పాత కీబోర్డులో ఒక్క కీతో వచ్చేదట.

లక్ష్మి_డీటీపీ
కే, డీ, తర్వాత షిఫ్ట్ పట్టుకుని కామా. మధ్యలో డీ పొల్లు. అధ్యక్షుడిలో ధ్య కూడా అంతే, ధ తర్వాత డీ కొట్టి య కొట్టమనండి.